హైవే మీద పది నిమిషాలకే పికప్ పోతోంది, వేడిగా ఆపితే మళ్లీ స్టార్ట్ కావట్లేదు: కార్బ్యురేటరేనా కారణం?

పాతరథం:

నాలుగు సిలిండర్ల పాత పెట్రోల్ కారు, 1100 సీసీ ఇంజన్. ఒకే గొంతు ఉన్న డౌన్‌డ్రాఫ్ట్ కార్బ్యురేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కు ఇచ్చేది), ఇంజన్ పక్కన క్యామ్‌తో నడిచే మెకానికల్ ఫ్యూయల్ పంపు, పాయింట్లు, కండెన్సర్ ఉన్న పాతరకం ఇగ్నిషన్ (ప్లగ్గుల్లో నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు). బండి చాలాకాలం కదలకుండా ఉండి, ఈమధ్యే మళ్లీ రోడ్డెక్కింది.

పొద్దున్నే చోక్ లాగితే వెంటనే స్టార్ట్ అవుతుంది. ఐడిలింగ్ నిలకడగా ఉంటుంది. ఊళ్లో ఎంతసేపు తిప్పినా ఏ ఇబ్బందీ లేదు. హైవే ఎక్కి 70, 80 వేగంలో పది, పదిహేను నిమిషాలు పోగానే ముందు చిన్న జర్కులు మొదలవుతాయి, తర్వాత కాలు ఎంత తొక్కినా బండి లాగదు. పక్కకు తీసి ఐదు నిమిషాలు ఆపితే ఏమీ జరగనట్టు మళ్లీ నడుస్తుంది, కాసేపటికి మళ్లీ అదే కథ.

ఇంకో సమస్య కూడా ఉంది. బాగా వేడెక్కాక ఇంజన్ ఆపి పావుగంట తర్వాత సెల్ఫ్ కొడితే స్టార్ట్ కాదు, బానెట్ ఎత్తితే పెట్రోలు వాసన గుప్పున వస్తుంది.

ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఇంజన్ దగ్గరి చిన్న పెట్రోల్ ఫిల్టర్ కొత్తవి వేసి ఉన్నాయి. ఒక మెకానిక్ కార్బ్యురేటర్ మొత్తం మార్చమంటున్నారు, ఇంకొకరు మెయిన్ జెట్టు (వేగంలో పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం) కాస్త పెద్దది చేస్తే సరిపోతుందంటున్నారు. ఖర్చు పెట్టే ముందు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏవేం కొలిచి చూడాలి?

ఫ్లోట్‌చాంబర్:

పాతరథం గారూ, కార్బ్యురేటర్ మీద ఇప్పుడే చెయ్యి వేయకండి. హైవే సమస్యకు మీరు చెప్పిన లక్షణాలన్నీ ఫ్లోట్ చాంబర్‌లోకి (కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలవ ఉండే చిన్న గిన్నె) పెట్రోలు చేరేలోపే ఎక్కడో అడ్డంకి ఉందని చెబుతున్నాయి. ఐడిలింగ్ బాగుంది, ఊళ్లో పికప్ బాగుంది అంటే ఐడిల్ జెట్టు, కాలు తొక్కగానే పెట్రోలు చిమ్మే యాక్సిలరేటర్ పంపు తమ పని తాము చేస్తున్నాయి. మెయిన్ జెట్టులో చెత్త ఉంటే ఆ లోపం హైవే ఎక్కిన మొదటి కిలోమీటరులోనే కనిపించాలి. పది నిమిషాలు ఆగి రాదు, ఐదు నిమిషాలు బండి ఆపినంత మాత్రాన పోదు.

లెక్క చూడండి. 80 వేగంలో లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి గంటకు 5.3 లీటర్లు తాగుతుంది, అంటే నిమిషానికి 90 మిల్లీలీటర్ల లోపే. ఎత్తు ఎక్కుతూ పూర్తిగా తొక్కినా ఈ సైజు ఇంజన్‌కు నిమిషానికి 200 మిల్లీలీటర్ల చుట్టుపక్కలే కావాలి. ఆరోగ్యంగా ఉన్న మెకానికల్ పంపు ఐడిలింగ్‌లోనే నిమిషానికి దాదాపు అరలీటరు తోడుతుంది. మామూలు హైవే వేగంలో ఐదు రెట్ల మార్జిన్ ఉందన్నమాట. ఆ మార్జిన్ మొత్తం మింగేసే అడ్డంకి ఉంటే తప్ప మీ లక్షణం రాదు. చిన్న కార్బ్యురేటర్ ఫ్లోట్ చాంబర్‌లో ఉండేది 40 మిల్లీలీటర్ల లాంటి కొద్ది పెట్రోలే. పంపు నిమిషానికి 70 మాత్రమే ఇస్తూ ఇంజన్ 90 తాగుతుంటే రెండు నిమిషాల్లో అది ఖాళీ. నిజానికి ఖాళీ అయ్యేదాకా కూడా ఆగదు. మట్టం కొన్ని మిల్లీమీటర్లు తగ్గగానే గాలి, పెట్రోలు మిశ్రమం పల్చబడి జర్కులు మొదలవుతాయి. ఊళ్లో ఈ లోటు ఎప్పుడూ పైకి రాదు, ప్రతి సిగ్నల్ దగ్గరా చాంబర్ మళ్లీ నిండుతుంది కాబట్టి.

మొదటి పరీక్షకు ఏ పనిముట్టూ అక్కర్లేదు. ఈసారి పికప్ పోయినప్పుడు సురక్షితమైన చోట ఆపి, ఇంజన్ ఆపేసి, వెంటనే ట్యాంకు మూత తెరవండి. గాలి లోపలికి గట్టిగా లాక్కున్న చప్పుడు వచ్చి, ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే ట్యాంకుకు గాలి వెళ్లే దారి మూసుకుపోయినట్టు. పెట్రోలు తగ్గుతున్న కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి, రాకపోతే ట్యాంకులో వాక్యూమ్ పెరిగి పంపు దాంతో పోరాడాల్సి వస్తుంది. కొన్ని బండ్లలో ఆ గాలి దారి మూతలోనే ఉంటుంది, కొన్నింట్లో ట్యాంకు పైనుంచి వేరే సన్న గొట్టం ఉంటుంది. వెంట్ లేని మూత దొరికింది కదా అని పెట్టేస్తే కూడా ఇదే జరుగుతుంది. చిన్నగా హుస్సుమంటే పట్టించుకోనక్కర్లేదు, బండి తీరు మారిందా లేదా అన్నదే ముఖ్యం.

అక్కడే నిలబడి రెండో పరీక్ష కూడా చేయండి. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఇంజన్ ఆపి ఉండగానే కార్బ్యురేటర్ గొంతులోకి చూస్తూ థ్రాటిల్ లివర్‌ను చేత్తో ఒక్కసారి పూర్తిగా తిప్పండి. యాక్సిలరేటర్ పంపు ముక్కు నుంచి పెట్రోలు సన్నటి ధారగా చిమ్మితే చాంబర్‌లో పెట్రోలు ఉంది, అప్పుడు అనుమానం నిప్పురవ్వ వైపు తిప్పాలి. చిమ్మకపోయినా, గాలి బుడగలతో తుంపరగా వచ్చినా చాంబర్ ఎండిపోయింది.

మూడోది కొలత. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, దగ్గర ఎవరైనా డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌తో నిలబడి ఉంటేనే చేయాలి. కార్బ్యురేటర్‌కు వచ్చే హోస్ పైపు ఊడదీసి, దానికి కాస్త పొడవైన గొట్టం తగిలించి, సైలెన్సర్ మానిఫోల్డ్‌కూ డిస్ట్రిబ్యూటర్‌కూ దూరంగా కొలత గీతలున్న, పెట్రోలుకు కరగని సీసాలో పెట్టండి. ఇంజన్ స్టార్ట్ చేయండి. చాంబర్‌లో మిగిలిన పెట్రోలుతో నిమిషానికి పైగానే ఐడిలింగ్‌లో నడుస్తుంది. 30 సెకన్లలో పావులీటరుకు దగ్గరగా రావాలి. మొదటి పది సెకన్ల ధార చూసి సంతోషపడొద్దు. తుప్పు జల్లెడకు అతుక్కునే రకం లోపమైతే మొదట జోరుగా వచ్చి తర్వాత సన్నగిల్లుతుంది, అందుకే కనీసం మూడుసార్లు వరసగా పట్టి చూడాలి.

ధార తక్కువ వస్తే పంపు మార్చేయకండి. పంపు ఇన్‌లెట్ పైపు ఊడదీసి, పక్కన పెట్టిన చిన్న క్యాన్‌లోని శుభ్రమైన పెట్రోలులో గొట్టం ముంచి అదే పరీక్ష చేయండి. ఇప్పుడు నిండుగా వస్తే పంపు మంచిదే, తప్పు ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉంది. అప్పుడూ తక్కువే వస్తే పంపుదే లోపం.

వాక్యూమ్ గేజ్, తక్కువ ప్రెషర్ గేజ్ దొరికితే ఇంకా మేలు. ఇలాంటి పంపులు చాలామటుకు ఇన్‌లెట్ వైపు పాదరసం మట్టంలో 150 మిల్లీమీటర్ల వాక్యూమ్ లాగాలి, ఇంజన్ ఆపాక కొన్ని సెకన్లు నిలుపుకోవాలి. అవుట్‌లెట్‌లో 2.5 నుంచి 4 పీఎస్‌ఐ సాధారణం. మీ బండి మాన్యువల్లో ఉన్న అంకెదే చివరి మాట.

కండెన్సర్:

పై సమాధానంతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నాను. అయినా ట్యాంకు దింపేముందు తప్పు ఇగ్నిషన్‌ది కాదని తేల్చుకోవాలి. వేడెక్కిన కాయిల్ (ప్లగ్గులకు హై వోల్టేజ్ ఇచ్చేది), వేడెక్కిన కండెన్సర్ అచ్చం పెట్రోలు అందనట్టే నాటకం ఆడతాయి, చల్లారితే బాగవుతాయి కూడా.

తేడా ఇలా పట్టుకోవచ్చు. పెట్రోలు అందకపోతే బలం కొద్దికొద్దిగా జారుతుంది. కాలు కాస్త వదిలితే బండి కోలుకుని 40, 50 వేగంలో ఇంకా నడుస్తుంది, చోక్ సగం లాగితే కాసేపు మెరుగవుతుంది. కాయిల్ చస్తే స్విచ్ ఆపినట్టు ఒక్కసారిగా తెగిపోతుంది, లేదా అన్ని వేగాల్లోనూ మిస్సింగ్ వస్తుంది, సైలెన్సర్‌లో ఢామ్మని పేలుతుంది. చోక్ లాగినా మార్పుండదు.

12 వోల్టుల మామూలు కాయిల్ ప్రైమరీ 3 ఓమ్‌ల దగ్గర ఉంటుంది, బ్యాలస్ట్ రెసిస్టర్‌తో వాడే కాయిల్ 1.5 దగ్గర. చల్లగా ఒకసారి, చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నప్పుడు ఒకసారి కొలవండి. రాగి తీగ కాబట్టి వేడికి కొంచెం పెరగడం సహజం, బాగా ఎగబాకినా సర్క్యూట్ తెగినా కాయిల్ పోయినట్టే. పాయింట్ల గ్యాప్ సాధారణంగా 0.4 నుంచి 0.5 మి.మీ. పాయింట్ల మొహాలు నీలంగా కాలి, ఒక వైపు గుంట, రెండో వైపు మొటిమ ఏర్పడి ఉంటే కండెన్సర్ మీద అనుమానం పెట్టుకోండి.

పాతరథం:

ఇద్దరికీ ధన్యవాదాలు. మూత తెరిస్తే పెద్దగా చప్పుడు లేదు, బండిలో మార్పూ లేదు. ఆగిపోయిన చోట థ్రాటిల్ తిప్పితే బుడగలతో నాలుగు చుక్కలు వచ్చాయి, అంతే. చోక్ సగం లాగితే నిజంగానే కొంచెంసేపు లాగింది.

సీసా పరీక్షలో మొదటిసారి 30 సెకన్లకు 190 మి.లీ., వెంటనే మళ్లీ పడితే 110, ఆపైన 70. వేరే క్యాన్ నుంచి పెడితే ప్రతిసారీ 240. కాయిల్ వేడిలోనూ చల్లగా ఉన్నప్పుడూ ఇంచుమించు ఒకే విలువ. పెట్రోల్ ఫిల్టర్‌లో (పారదర్శకంగా ఉండే రకం) పెట్రోలు సగమే ఉంటోంది, అడుగున ఎర్రటి పొడి చేరింది. దాని అర్థం ఏమిటి? ఈ గొడవంతా లేకుండా వెనక ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టేస్తే పోదా?

ఫ్లోట్‌చాంబర్:

మీ అంకెలే జవాబు చెప్పేశాయి. పంపు ఆరోగ్యంగా ఉంది. ట్యాంకు లోపల సక్షన్ గొట్టం చివర ఉండే జల్లెడకు తుప్పు అతుక్కుంటోంది. లాగుతున్న కొద్దీ పొర మందమై 190 కాస్తా 70 అయింది. ఇంజన్ ఆపితే సక్షన్ పోయి ఆ తుప్పు రాలి అడుగున పడుతుంది, అందుకే ఐదు నిమిషాల విశ్రాంతితో బండి బాగవుతోంది. ఆ గొట్టంలో వాక్యూమ్ పెరిగితే ఇంకో అనర్థం కూడా ఉంది. పెట్రోలులోని తేలిక భాగాలు మామూలు ఒత్తిడిలోనే 35, 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగడం మొదలుపెడతాయి, వాక్యూమ్‌లో అంతకంటే ముందే ఆవిరవుతాయి. పంపు అప్పుడు పెట్రోలుకు బదులు ఆవిరిని తోడుతుంది. చాలామంది ఎండాకాలం వేపర్ లాక్ (పైపులో ఆవిరి అడ్డుపడటం) అని సరిపెట్టుకునే కేసుల వెనక ఇలా మూసుకుపోయిన జల్లెడలే ఉంటాయి.

ఫిల్టర్ సగమే నిండటం దోషం కాదు, చాలా బండ్లలో అలాగే ఉంటుంది. సన్నటి బుడగలు ఆగకుండా వరసగా వస్తుంటేనే ఆలోచించాలి. అప్పుడు సక్షన్ వైపు ఎక్కడో గాలి దూరుతోందని అర్థం. సక్షన్ వైపు పైపుకు పగులు ఉంటే ఇంజన్ నడుస్తున్నప్పుడు బయటికి చుక్క కూడా కారదు, లోపలికి గాలి పీలుస్తుంది. కారట్లేదు కాబట్టి పైపు బాగుంది అనుకోవడం ఇక్కడ పనికిరాదు.

ఎలక్ట్రిక్ పంపు మాట: ముందు జల్లెడ శుభ్రం చేయకుండా పెట్టొద్దు. మూసుకుపోయిన జల్లెడ ఎలక్ట్రిక్ పంపుకూ మూసుకుపోయే ఉంటుంది, పైగా ఆ పంపులు తోయడంలో గట్టివి, లాగడంలో బలహీనమైనవి. తర్వాత ఎప్పుడైనా పెట్టాలనుకుంటే కార్బ్యురేటర్ బండ్లకని చేసిన 2.5 నుంచి 4 పీఎస్‌ఐ పంపే తీసుకోవాలి. ఇంజెక్షన్ బండి పంపు 40 పీఎస్‌ఐ పైన తోస్తుంది, చాంబర్ నిండగానే పెట్రోలును ఆపే నీడిల్ వాల్వ్ దాని ముందు ఒక్క క్షణం కూడా నిలవదు, పెట్రోలు వేడి మానిఫోల్డ్ మీద పడుతుంది. ఇంజన్ ఆగిపోతే పంపు కూడా తనంతట తాను ఆగేలా ఆయిల్ ప్రెషర్ స్విచ్‌తో గానీ ఇగ్నిషన్ పల్స్ చూసే రిలేతో గానీ కట్టాల్సిందే. ఇది లేని ఎలక్ట్రిక్ పంపు ప్రమాదంలో బండి బోల్తాపడ్డా పెట్రోలు పోస్తూనే ఉంటుంది.

నట్టుబోల్టు:

ట్యాంకు పని గురించి నేను చెబుతాను. ఇందులో తొందరపడితే ప్రాణం మీదికి వస్తుంది.

నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, ఎందుకంటే పేలేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. కారు కింద గుంటలో నిలబడి ట్యాంకు ఖాళీ చేయొద్దు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, గుంటలోకే దిగుతుంది. వైరున్న చేతిబల్బు వద్దు, మూసి ఉన్న ఎల్ఈడీ టార్చి వాడండి. చిల్లు కనిపించిందని వెల్డింగ్‌కు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి, ట్యాంకులను ఆవిరి లేకుండా చేసి బాగుచేసేవాళ్ల పని అది.

ట్యాంకు దించకుండా ఒక తాత్కాలిక పరీక్ష ఉంది. పంపు దగ్గర ఇన్‌లెట్ పైపు ఊడదీయండి. ట్యాంకు మూత పూర్తిగా తెరిచి ఉంచి, ఆ పైపులోంచి ట్యాంకు వైపు సైకిలుకు గాలి కొట్టే చేతిపంపుతో ఊదండి. వెనక బుడబుడమని శబ్దం వస్తుంది, ధార మళ్లీ నిండుగా వస్తుంది. ఇది నిర్ధారణకు మాత్రమే, వైద్యం కాదు, తుప్పు ట్యాంకులోనే ఉంది కదా. కంప్రెసర్ గాలి పెట్టొద్దు. పంపు తగిలించి ఉండగా ఊదితే పంపు లోపలి వాల్వులు దెబ్బతింటాయి.

తర్వాత ట్యాంకు అడుగు పెట్రోలును గాజు సీసాలోకి దించి గంటసేపు కదపకుండా ఉంచండి. బండి చాలాకాలం కదల్లేదన్నారు కాబట్టి ఇది ముఖ్యం. ఇథనాల్ కలిపిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి, సరిగ్గా సక్షన్ గొట్టం మొదలయ్యే చోటికే. సీసాలో రెండు పొరలు విడిగా కనిపిస్తే ట్యాంకులోని పెట్రోలు ఒక్క చుక్క కూడా మళ్లీ వాడకండి.

తుప్పు తేలికగా ఉంటే ట్యాంకు దింపి, సెండింగ్ యూనిట్ (పెట్రోలు మట్టం మీటరుకు చూపే భాగం), జల్లెడ తీసేసి, డిటర్జెంట్ కలిపిన వేడినీళ్లతో వాసన పోయేదాకా కడిగి, ఆపైన 5 నుంచి 10 శాతం సిట్రిక్ యాసిడ్ ద్రావణం నింపి రాత్రంతా వదిలేయండి. మర్నాడు వంటసోడా నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో ఒకసారి కడిగి వెంటనే వేడిగాలితో ఆరబెట్టాలి. ఆలస్యం చేస్తే శుభ్రమైన ఇనుము మీద గంటలోపే పసుపుపచ్చటి పలుచని తుప్పు మళ్లీ లేస్తుంది. ఆరిన వెంటనే కాస్త పెట్రోలు పోసి అటూ ఇటూ ఊపి మూత పెట్టేయండి. ముద్దలుగా రాలే తుప్పైతే కొత్త ట్యాంకే నయం. లోపల పూసే కోటింగులు సరిగ్గా పట్టకపోతే పొరలుగా ఊడి ఈ తుప్పుకంటే పెద్ద తలనొప్పి తెస్తాయి, నావరకైతే వాటిని సిఫారసు చేయను.

రబ్బరు హోస్‌లన్నీ మార్చండి. పాత రబ్బరు ఇథనాల్‌కు ఉబ్బి లోపలి పొర ఊడి వాల్వులా పనిచేస్తుంది: బయటికి గొట్టం నిక్షేపంగా ఉంటుంది, లోపల సక్షన్ పెరగ్గానే మూసుకుపోతుంది. కొనేటప్పుడు హోస్ మీద అచ్చు చూడండి, ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని ఉంటే ఇథనాల్‌కు తట్టుకునే లోపలి పొర ఉన్న రకం. పళ్లు కోసిన పాత క్లిప్పులు రబ్బరును కోస్తాయి, అంచులు మడిచిన గుండ్రటి ఫ్యూయల్ క్లిప్పులు వేయండి.

టాపెట్‌కవర్:

రెండో సమస్య, అదే వేడిలో స్టార్ట్ కాకపోవడం, ఎవరూ తీయలేదు. ఇది మొదటిదానికి సరిగ్గా ఎదురు: అక్కడ పెట్రోలు చాలట్లేదు, ఇక్కడ ఎక్కువైపోతోంది.

ఇంజన్ ఆపగానే ఫ్యాను గాలి, రోడ్డు గాలి రెండూ ఆగి, సిలిండర్ హెడ్ వేడంతా కార్బ్యురేటర్‌లోకి ఎక్కుతుంది. చాంబర్‌లోని పెట్రోలు మరిగి మెయిన్ నాజిల్ దగ్గర పొంగి మానిఫోల్డ్‌లోకి కారుతుంది. మీకు వస్తున్న వాసన అదే. ఇలాంటప్పుడు యాక్సిలరేటర్‌ను టకటకా తొక్కకూడదు, ప్రతి తొక్కుకూ ఇంకొంచెం పెట్రోలు చిమ్ముతుంది. చోక్ ముట్టుకోకుండా పెడల్‌ను నేలకు ఆనించి పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, 10 సెకన్లకు మించి ఆగకుండా కొట్టొద్దు. గాలి ఎక్కువగా పోయి తడి ఆరి అందుకుంటుంది.

ఎందుకు ఇంతగా జరుగుతోందో వెతికితే మూడు చోట్లు. మొదటిది కార్బ్యురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య ఉండే లావుపాటి బేకలైట్ స్పేసర్. ఎవరో తీసేసి పలుచని ప్యాకింగ్ ఒక్కటే వేసి ఉంటారు, ఇది చాలా బండ్లలో కనిపిస్తుంది. పంపు కింద కూడా ఇలాంటి దిమ్మె ఉంటుంది. దాని మందం మార్చొద్దు. మందం పెరిగితే పంపు లివర్ కదలిక తగ్గి ధార పడిపోతుంది.

రెండోది ఫ్లోట్ మట్టం. చాంబర్ మూత విప్పి, ప్యాకింగ్ మొహం నుంచి ఫ్లోట్ దాకా మాన్యువల్లో చెప్పిన దూరం కొలవాలి. నీడిల్ చివర స్ప్రింగుతో చిన్న గోళీ ఉంటే మూతను నిలువుగా పట్టుకుని, ఫ్లోట్ నాలుక గోళీని తాకి నొక్కకుండా ఉన్న చోట కొలవాలి, నొక్కి కొలిస్తే మట్టం తప్పు వస్తుంది. ఇత్తడి ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపండి, లోపల గలగలమంటే చిల్లు. వేడినీళ్లలో ముంచితే బుడగలు ఎక్కడినుంచి వస్తున్నాయో కనిపిస్తుంది. దాని మీద సీసం ముద్ద పెట్టి అతికిస్తే బరువు పెరిగి పెట్రోలు మట్టం ఇంకా పైకి పోతుంది.

మూడోది నీడిల్ వాల్వ్. మీ ట్యాంకు నుంచి ఎర్రపొడి ఇంజన్ దగ్గరి ఫిల్టర్ దాకా వచ్చిందంటే కొంత దాన్నీ దాటి ఉంటుంది. నీడిల్ కూర్చునే అంచు మీద ఒక్క రేణువు ఆగినా వాల్వ్ పూర్తిగా మూసుకోదు. మూతను తలకిందులుగా పట్టుకుంటే ఫ్లోట్ బరువుకు నీడిల్ మూసుకుంటుంది. అప్పుడు ఇన్‌లెట్‌కు శుభ్రమైన గొట్టం తగిలించి మెల్లగా ఊదితే గాలి పోకూడదు. కొత్త నీడిల్ వేసేటప్పుడు మీద అచ్చైన సైజు పాతదే ఉండాలి, కింద వాషర్ మందం కూడా అదే, లేకపోతే ఫ్లోట్ మట్టం మారిపోతుంది.

మూత ఎలాగూ తీస్తున్నారు కాబట్టి జెట్లు కూడా కడగండి. వాటిలోకి తీగ, సూది, పిన్ను ఏదీ దూర్చొద్దు. సోలెక్స్, వెబర్ జెట్ల మీద అంకె మిల్లీమీటరులో వందో వంతులో ఉంటుంది, 120 అంటే 1.20 మి.మీ. రంధ్రం. 1.25 అయితే విస్తీర్ణం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది. ఇత్తడి మెత్తన, గీత పడ్డ జెట్టు మళ్లీ పాతది కాదు. కార్బ్యురేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే రంధ్రం గుండ్రంగా, నిండుగా కనిపించాలి. రబ్బరు డయాఫ్రం ముందే తీసి పక్కన పెట్టండి, క్లీనర్ తగిలితే ఉబ్బిపోతుంది.

పాతరథం:

స్పేసర్ లేదు, పలుచని ప్యాకింగ్ మాత్రమే ఉంది. ఫ్లోట్ మంచిదే, నీడిల్ దగ్గర ఊదితే గాలి కారుతోంది. ట్యాంకు పని మొదలుపెడుతున్నాను. ఇవన్నీ అయ్యాక మెయిన్ జెట్టు పెంచాలా అన్న ప్రశ్న మిగిలింది, ఎందుకంటే నేను పోయిస్తున్నది 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు. ఫిల్టర్లు ఎన్ని, ఎక్కడ పెట్టాలి?

టాపెట్‌కవర్:

జెట్టు ప్రశ్న న్యాయమైనదే, సమయం మాత్రం ఇది కాదు. పూర్తి పెట్రోలు కాలడానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి, ఈ20 కి 13.5 దగ్గర చాలు. అదే జెట్టుతో ఈ20 వాడితే మిశ్రమం సుమారు 8 శాతం పల్చబడుతుందని లెక్క. జెట్టు ఒక మెట్టు పెంచితే, ఉదాహరణకు 120 నుంచి 125 కు, దాదాపు అంతే తిరిగి వస్తుంది. కానీ పాత కార్బ్యురేటర్లలో చాలావాటిని కంపెనీలే కొంచెం చిక్కగా పెట్టేవి, అందులో కొంత ఇప్పటికే సర్దుకుపోతుంది. పెట్రోలు ధార సరిగా రాకుండా జెట్టు పెంచితే చాంబర్ ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది, అంతకుమించి జరిగేదేమీ లేదు. మీ రెండో మెకానిక్ సలహాలో చిక్కు అదే.

కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. స్పేసర్ వేసి, నీడిల్ మార్చి, కింది ఫ్లాంజ్ నట్లను ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించండి. బలంగా బిగిస్తే ఫ్లాంజ్ వంగి గాలి లీకవుతుంది, ఆ తర్వాత ఐడిలింగ్ ఎన్నటికీ కుదురుకోదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక మిక్స్చర్ స్క్రూను మెల్లగా ఆనేదాకా తిప్పి, అక్కడినుంచి ఒకటిన్నర చుట్లు వెనక్కి తీసి, ఐడిలింగ్ అన్నిటికంటే వేగంగా ఉండే చోటు పట్టుకోండి. ఆపైన థ్రాటిల్ స్టాప్ స్క్రూతో మాన్యువల్ చెప్పిన వేగానికి, చాలా బండ్లకు 800, 900 దగ్గర, తెచ్చుకుని ఇంకోసారి మిక్స్చర్ చూడండి. స్క్రూ ఎంత తిప్పినా ఇంజన్‌లో మార్పు లేకపోతే ఐడిల్ జెట్టు మూసుకుంది, లేదా ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా థ్రాటిల్ ప్లేటు ఎక్కువగా తెరుచుకుని ఉంది.

ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద 80 లో కొంతదూరం నిలకడగా నడిపి, క్లచ్ తొక్కి ఇంజన్ ఆపి పక్కకు చేర్చండి. తాళం చెవి మాత్రం బయటికి తీయొద్దు, స్టీరింగ్ లాక్ పడుతుంది. ప్లగ్గులు లేత గోధుమరంగులో ఉంటే జెట్టు జోలికి పోవద్దు. పింగాణీ సుద్దలా తెల్లగా ఉండి, ఎత్తు ఎక్కేటప్పుడు నాకింగ్ (ఇంజన్‌లో టకటక చప్పుడు) వినిపిస్తుంటేనే ఒక్క మెట్టు పెంచండి, కొత్త జెట్టు కొని, పాతదాన్ని డ్రిల్ చేయకుండా.

నట్టుబోల్టు:

ఫిల్టర్లు రెండు. ట్యాంకుకూ పంపుకూ మధ్య కాస్త పెద్ద రంధ్రాల జల్లెడ రకం, పంపు సక్షన్‌కు అడ్డుపడనిది. సన్నటి కాగితం ఫిల్టర్ పంపు తర్వాత, కార్బ్యురేటర్‌కు ముందు, మీద ఉన్న బాణం కార్బ్యురేటర్ వైపు చూస్తూ. గాజు గొట్టం ఫిల్టర్లు చూడ్డానికి బాగుంటాయి, వేడికి వాషర్లు ఎండి కారతాయి, ఇంజన్ పైన పెట్టొద్దు. కార్బ్యురేటర్ ఇన్‌లెట్ యూనియన్ బోల్టు లోపల వేలి గోరంత సన్న జల్లెడ ఇంకొకటి ఉంటుంది, దాన్ని చాలామంది చూడరు, మీది తప్పకుండా ఎర్రపొడితో నిండి ఉంటుంది.

ట్యాంకు కడిగాక కూడా పైపుల్లోని పొడి కొన్నాళ్లు వస్తూనే ఉంటుంది. మొదటి కాగితం ఫిల్టర్‌ను 200, 300 కిలోమీటర్లకే మార్చేయండి, తీసినదాన్ని కోసి లోపల ఏముందో చూడండి. రెండో ఫిల్టర్ కూడా అంతే ఎర్రగా వస్తే సీసా పరీక్ష మళ్లీ చేసి ఆ అంకెలు ఇక్కడ పెట్టండి. ఇంకొకటి, ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. నీడిల్ కారుతూ నడిచిన బండి కదా, ఆయిల్లో పెట్రోలు దిగి మట్టం పెరిగి ఉంటే ఆ ఆయిల్‌తో హైవే ఎక్కొద్దు, పల్చబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. నీడిల్ మార్చాక ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చండి. ఆ తర్వాత కూడా డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంటే పంపు డయాఫ్రంకు పగులు ఉన్నట్టు, అప్పుడు పంపు కిట్ వేయాల్సిందే.